తళతళమ్మ కాపాడిన మురికి

ఆ వీధిలో ఎవరి చొక్కా కాలరు తెల్లగా మెరిసినా ఆ గొప్ప చొక్కాది కాదు, తళతళమ్మది. ఆమె అసలు పేరేమిటో కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో అనుమానమే. లాండ్రీ పెట్టిన కొత్తలో ఎవరో వేళాకోళానికి అన్న మాట, కొట్టు మీది బోర్డు వెలిసిపోయాక కూడా వెలవకుండా నిలిచిపోయింది. ఆ వేళాకోళం చేసినాయన కూడా ఇప్పుడు ఆమె దగ్గరే బట్టలు వేస్తున్నాడు, అదీ బుద్ధిగా, జేబులన్నీ ముందే తడుముకుని.

ముందుగదిలో ఒక తొట్టి, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టిన మనిషి ఆమె. ఇప్పుడు పెరట్లో వరసగా సిమెంటు తొట్లు, వెనక వసారాలో మిషన్లు, ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేలాడే బట్టలు. హోటలు దుప్పట్లు ఆమె దగ్గరికే వస్తాయి, ఆసుపత్రి డాక్టర్ల కోట్లూ ఆమె దగ్గరికే వస్తాయి. ఒకసారి బ్యాండులో బాకా ఊదే ఆయన, తెల్లకోటు జేబులో సిరాపెన్ను కారిపోయి, కచేరీ ఇంకాసేపట్లో ఉందనగా ఏడుపు ముఖంతో పరుగెత్తుకొచ్చాడు. ఆ కోటుకి ఏం పూసిందో, ఎన్ని నీళ్లు మార్చిందో గానీ, ఆయన తడికోటే తొడుక్కుని, వెళ్లేముందు కొట్టు ఎదుట నిలబడి ఒక పాట మొత్తం ఊది మరీ వెళ్లాడు. వీధంతా బయటికొచ్చి చూసింది. ఈ సంగతి తళతళమ్మ అడగకపోయినా చెబుతుంది, అడిగితే రెండుసార్లు చెబుతుంది. చెప్పుకోదగ్గ పని చేసిన మనిషి చెప్పుకుంటే తప్పేముంది?

"నా చేతికిచ్చింది పాడైందని ఇంతవరకు ఒక్కరి చేత మాట పడలేదు. ఇక ముందూ పడను" అంటుంది ఆ కథ చివర. అది ఊరికే అనే మాట కాదు. ఆమె తలెత్తుకు తిరిగేది ఆ ఒక్క మాట మీదే.

అయితే ఆ చెయ్యి కొట్టు దగ్గర ఆగే చెయ్యి కాదు. ఇంట్లోనూ ఆమె నిప్పులు కడిగే రకం. భర్త పిల్లల్ని బడికి చేరవేసే బస్సు నడుపుతాడు, నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. సాయంత్రం ఇంటికొస్తే గుమ్మం బయట బూట్లు, గుమ్మం లోపల సాక్సులు, కుళాయి దగ్గర కాళ్లు, ఇలా ఒక్కో మజిలీ దాటుకుంటూ కుర్చీ చేరేసరికి టీ చల్లారిపోయేది. "బస్సు నడపడం తేలికేనయ్యా, ఇంట్లో నడవడమే కష్టం" అని తోటి డ్రైవర్లతో చెప్పుకుని నవ్వేవాడు. ఇంట్లో మాత్రం ఆ నవ్వు బయటపడనిచ్చేవాడు కాదు.

పక్క వీధిలో ఆమె తోడికోడలు ఉంది. బావగారి భార్య, బట్టలు కుడుతుంది. కుట్టుపనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు గానీ, ఇల్లు మాత్రం చూసి తీరాలి. కుర్చీలో కూర్చోవాలంటే ముందు కుర్చీ ఎక్కడుందో వెతకాలి. కత్తెర కోసం వెతికితే గరిటెల్లో దొరుకుతుంది, గరిటె కోసం వెతికితే కత్తిరింపుల్లో దొరుకుతుంది. నేలంతా దారం పోగులు. ఆ గందరగోళం మధ్యలో, కిటికీకి ఎడంగా, ఏళ్ల నుంచి ఒక గాజు చేపలతొట్టి ఉంది. వెనక అద్దానికి పచ్చటి నాచు పట్టి, రాళ్లు గోధుమరంగుకి తిరిగి, అందులో చేపలు మాత్రం పెళ్లివారిలా తిరుగుతుండేవి.

చాలా ఏళ్ల కిందట ఒక రోజు ఆ ఇంట్లో తళతళమ్మకి గ్లాసుతో మంచినీళ్లిచ్చారు. ఆమె తాగబోయి, ఆగి, తెల్ల రుమాలు తీసి గ్లాసు అంచు చుట్టూ తుడిచింది. తుడిచి ఊరుకుందా? రుమాలుకి ఏమైనా అంటిందేమోనని వెలుతురులో పట్టుకుని చూసింది. తోడికోడలు చూడనే చూసింది. ఆ పూట ఏమీ అనలేదు, ఆ తర్వాతా ఏమీ అనలేదు. అసలు మాటలే తగ్గిపోయాయి. దారిలో ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నా" అనుకోవడం, ఎవరి దారిన వాళ్లు పోవడం. తప్పు తనదేనని తళతళమ్మకి తెలియదని కాదు. ఒప్పుకునే సందర్భం రాలేదని ఆమె సర్దిచెప్పుకుంది. వస్తే ఒప్పుకునేదా అంటే, అదీ చెప్పలేం.

తళతళమ్మ కూతురికి ఈ పెద్దల పట్టింపులేవీ పట్టలేదు. బడి నుంచి తిన్నగా పెద్దమ్మ ఇంటికే పోయేది, చేపల ముందు చతికిలబడేది. ఒక పుట్టినరోజుకి పెద్దమ్మ తన తొట్టిలోంచి వేలెడంత గోల్డ్ ఫిష్‌ని తీసి ఆ పిల్లకిచ్చింది. ఒళ్లంతా నారింజరంగు, నెత్తి మీద మాత్రం తెల్లటి మచ్చ. దానికి టోపీ అని పేరు పెట్టుకుంది పిల్ల. తర్వాత బొగ్గు అని పిలిచే నల్లటిది ఒకటి, ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి తిరిగే చిన్న జంట ఒకటి వచ్చి చేరాయి. తొట్టి కూతురి గదిలో ఉండేది. ఆ గదిలోకి తల్లి చీపురుకైనా ప్రవేశం లేదు. "నువ్వొస్తే నా చేపల్ని కూడా గంజి పెట్టి ఆరేస్తావమ్మా" అనేది కూతురు. టోపీ ఆ గదిలోనే పెరిగి పెద్దదై అరచేతిని దాటింది.

ఆ కూతురు పెద్దయి అగ్నిమాపక దళంలో ఉద్యోగం తెచ్చుకుంది. నిప్పులు కడిగే తల్లికి నిప్పులార్పే కూతురు పుట్టిందని వీధిలో నవ్వుకున్నారు. తళతళమ్మకి ఆ నవ్వు కూడా పొగడ్తలాగే వినిపించింది. యూనిఫారం ఇంటికొచ్చిన రోజు దాన్ని ఎవరినీ తాకనివ్వకుండా తనే ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించి, కొట్టులో అందరికీ కనపడే చోట వేలాడదీసింది. మడత మీద చెయ్యి వేస్తే తెగుతుందేమో అన్నట్టుంది ఆ ఇస్త్రీ.

శిక్షణకి కొన్ని నెలలు వేరే ఊళ్లో ఉండాలి. బయల్దేరే ముందు కూతురు తల్లిని చేపల ముందుకి తీసుకొచ్చింది.

"అమ్మా, టోపీగాణ్ని నీ చేతుల్లో పెట్టి వెళ్తున్నా. చిటికెడు మేత, అంతే. నీళ్లు మొత్తం మార్చకు. వారానికోసారి పావువంతు తీసి, నిలవపెట్టిన నీళ్లు పొయ్యి. నీళ్లు వడగట్టే స్పాంజి ఉంది చూడు, దాన్ని కుళాయి కింద కడక్కు. బయటికి తీసిన ఆ తొట్టి నీళ్లలోనే ఒకసారి పిండి మళ్లీ పెట్టెయ్. అర్థమైందా?"

"బట్టలుతికే దానికి నీళ్ల సంగతి చెప్తున్నావా?" అంది తళతళమ్మ. "నా చేతికిచ్చింది ఎప్పుడైనా పాడైందా? నిశ్చింతగా వెళ్లు. నువ్వొచ్చేసరికి మీ టోపీగాడు తళతళలాడుతుంటాడు."

పైకి అలా అంది గానీ లోపల వేరే లెక్క వేసుకుంది. మురికినీళ్లలో పిండితే మురికి పోతుందా? ఎవరైనా వింటే నవ్విపోతారు. పిల్లకి పని బద్ధకం, అందుకే ఇలాంటి సూత్రాలు కనిపెట్టిందనుకుంది.

కూతురు బస్సెక్కిన మర్నాడే తొట్టిని కొట్టులోకి మార్చాలని తళతళమ్మకి బుద్ధి పుట్టింది. చీకటి గదిలో ఎవరు చూస్తారు? ముందుగదిలో, ఎండ పడని మూలన పెడితే వచ్చేపోయేవాళ్లు చూస్తారు. తళతళమ్మ కొట్టులో తొట్టి అంటే అది తళతళమ్మ తొట్టిలా ఉండాలి కదా. చేపల్ని బకెట్లోకి తీసింది. నీళ్లన్నీ పారబోసింది. రాళ్లను మరిగే నీళ్లలో సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరబోసింది. అద్దాలకు సబ్బు పెట్టి రుద్దింది. స్పాంజి సంగతి చెప్పనే అక్కర్లేదు. అది వదిలిన గోధుమరంగు నీళ్లు చూసి "ఛీ, ఇందులోనా పెంచేది" అనుకుంటూ, నీళ్లు తేటగా వచ్చేదాకా సబ్బుతో పిసికి, జాడించి, తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. ఆనక తొట్టిలో అన్నీ సర్ది కుళాయి నీళ్లు నింపింది. నీళ్లలో బ్లీచింగు వాసన ఘాటుగా వచ్చింది. ఆమె ముక్కుకి అది శుభ్రం వాసన.

నిజం చెప్పాలంటే తొట్టి చూడముచ్చటగా ఉంది. అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా ఉంది. బట్టలు ఇవ్వడానికొచ్చినవాళ్లు ఆగి చూసి "అబ్బ" అన్నారు. తళతళమ్మ గుండెలు పొంగాయి.

ఆ పొంగు ఎన్నో రోజులు నిలవలేదు. చేపలు మేత మానేశాయి. రెక్కలు ఒంటికి అంటిపెట్టుకుని, నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడసాగాయి. తేటగా ఉన్న నీళ్లు గంజి కలిపినట్టు తెల్లబడ్డాయి. నీళ్లు మసకబారితే తళతళమ్మకి తెలిసిన మందు ఒకటే. మళ్లీ అంతా తీసి కడిగింది. ఇంకా గట్టిగా కడిగింది. కడిగాక నీళ్లు మరీ మసకబారాయి. కడగడం, మసకబారడం, మళ్లీ కడగడం. ఇన్నేళ్ల బతుకులో ఆమె చేతికి లొంగని మరక లేదు. ఈ మరక రుద్దేకొద్దీ పెరుగుతోంది.

"నేనొక మాటంటాను, కోప్పడకు" అన్నాడు భర్త ఒక సాయంత్రం, బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి. "అంటే, అమ్మాయి చెప్పింది కదా, మరీ అంత కడగొద్దని. పోనీ, వదినని ఒకసారి అడిగితే..."

"ఆ ఇంటికి పోయి శుభ్రం నేర్చుకోమంటారా నన్ను?" అని ఆమె కస్సుమంది. అతను బూట్లు కింద పెట్టి సాక్సులు విప్పుకోవడంలో మునిగిపోయాడు.

ఒక ఉదయం చిన్న జంటలో ఒకటి వెల్లకిలా తేలింది. రెండోది ఆ రోజు గడవకముందే దాని వెంటే పోయింది. తళతళమ్మ రెండింటినీ పెరట్లో పూలకుండీలో పాతిపెట్టింది. మట్టి కప్పి, చేతులు కడుక్కుని, కడుక్కున్న చేతుల్ని మళ్లీ కడుక్కుంది. తర్వాత ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి తొట్టి మీద కప్పేసింది.

"చేపలేవమ్మా?" అని అడిగారు వచ్చినవాళ్లు.

"నిద్రపోతున్నాయి."

"పట్టపగలా?"

"మీరు పోరా మధ్యాహ్నం నిద్ర?" అని బట్టలు విసురుగా చేతిలో పెట్టింది.

అదే రోజు కూతురి ఫోను వచ్చింది. నిచ్చెనలెక్కడం, గొట్టం భుజాన వేసుకుని పరుగెత్తడం, పొగలో పాకడం, అన్నీ హుషారుగా చెప్పుకొచ్చి, చివర్లో "టోపీగాడెలా ఉన్నాడమ్మా?" అని అడిగింది. తళతళమ్మ నోటికి "బాగున్నాడు" అన్న మాట సిద్ధంగా ఉంది. ఫోను పట్టుకుని దుప్పటి అంచు కొంచెం ఎత్తి చూసింది. టోపీ అడుగున ఒక పక్కకి ఒరిగి ఉంది. బొగ్గు దాని పక్కనే కదలకుండా నిలబడి ఉంది.

ఆమెకి అబద్ధం రాలేదు. "చిన్నవి రెండూ పోయాయే" అంది. "నేనే కడిగి కడిగి చంపాను. నువ్వు వద్దన్నదల్లా చేశాను."

అటువైపు నుంచి సన్నగా, "టోపీ?" అని మాత్రం వినిపించింది.

"ఉన్నాడు. ఉంటాడు. నువ్వొచ్చేసరికి ఉంటాడు. నా మాట."

ఫోను పెట్టేశాక కుర్చీలో కూలబడింది. ఇచ్చిన మాట ఒకటి అప్పటికే సగం పోయింది, మిగిలిన సగం అడుగున ఒరిగి పడి ఉంది. ఇక పరువు చూసుకునే పని లేదు.

ఎండ మండే వేళ, వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నప్పుడు, రెండు చేపల్నీ బకెట్లోకి తీసుకుని, పైన తడిగుడ్డ కప్పి పక్క వీధికి బయల్దేరింది. బకెట్టు మోయడం ఆమెకి కొత్త కాదు. ఏ హోటలు దుప్పట్ల తడిమూటా ఇంత బరువనిపించలేదు.

తోడికోడలు మిషను మీద వంగి ఏదో కుడుతోంది. నోట్లో గుండుసూదులున్నాయి. తలెత్తి, మనిషిని చూసి, బకెట్టు చూసి, గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"అక్కా, నా వల్ల కాలేదు" అంది తళతళమ్మ గుమ్మంలోనే. "వీటిని నీ తొట్టిలో పెట్టుకో. టోపీ నీ ఇంటి నుంచి వచ్చిందే కదా. నీ దగ్గరైతే బతుకుతుంది."

తోడికోడలు వచ్చి గుడ్డ తొలగించి చూసింది. చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఎన్నిసార్లు కడిగావే?"

"మసకబారినప్పుడల్లా."

"స్పాంజి?"

"సబ్బుతో."

"రాళ్లు?"

"ఉడకబెట్టాను."

"ఇంకా నయం, చేపల్ని ఉడకబెట్టలేదు" అంది తోడికోడలు. అని, అనకూడని మాట అన్నానేమోనని నాలుక కరుచుకుంది. తళతళమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆమె కళ్లలో నీళ్లు చూడటం తోడికోడలికి అదే మొదటిసారి.

"కూర్చో" అని ఒక కుర్చీ వెతికి, దాని మీది గుడ్డల్ని నేల మీదికి తోసి వేసింది. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గ్లాసు అంచున ఎర్రదారం పోగొకటి అంటుకుని ఉంది. తళతళమ్మ ఆ పోగుని చూసింది. గ్లాసు ఎత్తి, ఆగకుండా, చివరి చుక్క దాకా తాగింది. రుమాలు ఆమె చేతిలోనే ఉంది, దానితో కళ్లు మాత్రం తుడుచుకుంది.

తోడికోడలు అంతా చూసింది. "ఇంకొన్ని పొయ్యనా?" అంది.

"పొయ్యి అక్కా."

రెండో గ్లాసు తాగాక తోడికోడలు తన తొట్టి దగ్గరికి నడిచింది. "చేపల్ని నేను తీసుకోను. ఎందుకు తీసుకోవాలి? పిల్లకి మాటిచ్చింది నువ్వు. నిలబెట్టుకోవాల్సిందీ నువ్వే. నీకు కావాల్సింది వేరే ఉంది." జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా నీళ్లలో పెట్టి, తన తొట్టిలోని రెండు స్పాంజుల్లో ఒకదాన్ని పైకి తీసింది. అది నల్లగా, జిగురుగా, నీళ్లోడుతూ, తళతళమ్మ జన్మలో ఇంట్లోకి రానివ్వని అవతారంలో ఉంది.

"ఇదా?"

"ఇదే. చేప తిన్నది ఎక్కడికి పోతుంది? నీళ్లలోకే కదా. అది విషమైపోతుంది. ఆ విషాన్ని తినేసే సన్నటి జీవాలు ఇందులో కాపురముంటాయి, కంటికి కనపడవు. నువ్వు మురికనుకుని సబ్బు పెట్టి రుద్దినప్పుడల్లా వాటి కొంపలు కూల్చావు. ఇక ఆ చేపలు వాటి విషంలో అవే ఊపిరాడక కొట్టుకున్నాయి. గిన్నె తోమేసి, తోడు లేకుండా పాలు తోడుకోమంటే తోడుకుంటాయా? ఇది తోడు అనుకో."

తళతళమ్మ తోమిన గిన్నెల సంగతి తలుచుకుంది.

తోడికోడలు స్పాంజిని తన తొట్టి నీళ్లతో ఒక డబ్బాలో పెట్టింది. "ఆరనివ్వకు, కుళాయి నీళ్లు తగలనివ్వకు. నువ్వు ఉతికిన ఆ తెల్ల స్పాంజిని కూడా తియ్యకు, దీని పక్కనే ఉండనివ్వు. రోజూ కాసిన్ని నీళ్లు తీసి కాసిన్ని పొయ్యి. బ్లీచింగు వాసన ఉన్న నీళ్లు పొయ్యకు. మేత మాట కొన్నాళ్లు మర్చిపో. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ఆ సబ్బు వాసన పోయేదాకా ఉత్త నీళ్లతో కడుక్కో."

"బ్లీచింగు వాసన పోవాలంటే వెడల్పు తొట్టిలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే చాలు" అంది తళతళమ్మ, హఠాత్తుగా. "రంగు పోయే పట్టుబట్టలకి అలాగే చేస్తాను. అప్పుడే పట్టిన కుళాయి నీళ్లు తగిలితే రంగు తినేస్తాయి."

"చూశావా? పట్టుకి తెలిసిన సంగతి చేపకి తెలియదనుకున్నావు."

ఇద్దరూ నవ్వారు. ఏళ్ల తర్వాత నవ్వుకున్నారు కాబట్టి ఆ నవ్వు కొంచెం ఎక్కువసేపే సాగింది.

ఇంటికొచ్చి, పెరట్లో సబ్బు తగలని తొట్టి ఒకటి ఎంచుకుని నీళ్లు నిలవపెట్టింది. నల్లటి స్పాంజిని మెరిసే తొట్టిలో తన చేతులతో తనే దింపింది. దాన్నుంచి గోధుమరంగు మబ్బులా లేచి తేటనీళ్లలోకి పాకుతుంటే ఆమె చెయ్యి మళ్లీ స్పాంజి మీదికి పోబోయింది. కడిగెయ్, కడిగెయ్ అని ఒళ్లంతా పోరుపెట్టింది. చేతులు కట్టుకుని నిలబడింది.

అక్కడి నుంచి మొదలైంది అసలు పరీక్ష. కడగకుండా ఉండటం. తళతళమ్మ జీవితంలో ఇంత కష్టపడి పని చెయ్యకపోవడం అంతకుముందు లేదు. నీళ్లు ఇంకా మసకగానే ఉన్నాయి, ఆమె చేతులు ఊరుకోవు. ఆ దురద తీరడానికి కర్టెన్లన్నీ ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతికింది. భర్త బస్సు సీట్ల తొడుగులన్నీ పీకి ఉతికి ఇస్త్రీ చేసింది. పిల్లలు ఆ సీట్ల మీద కూర్చోవడానికి భయపడుతున్నారని అతను వచ్చి చెప్పాడు. వీధి చివర అరుగు కడిగింది, దీపస్తంభం కడిగింది. తొట్టి జోలికి మాత్రం పోలేదు. రోజూ పొద్దున్నే, నిలవనీళ్లు తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్నాయో లేదో మోచేతితో చూసి, కాసిన్ని తీసి కాసిన్ని పోసేది. చంటిపిల్లకి నీళ్లు పోసేటప్పుడు ఎలా చూసేదో అలాగే. తోడికోడలు రోజూ మధ్యాహ్నం మిషను ఆపి వచ్చి చూసి పోయేది. వచ్చినప్పుడల్లా రెండు దారం పోగులు రాల్చి పోయేది. తళతళమ్మ వాటిని ఆమె వెళ్లేదాకా ఊడ్చేది కాదు.

టోపీ ఒరిగే ఉంది. మొప్పలు ఆడుతున్నాయి, అంతవరకే. "నా మాట" అన్నది గుర్తొచ్చినప్పుడల్లా తళతళమ్మ దుప్పటి అంచు ఎత్తి చూసుకునేది.

ఒక పొద్దున దుప్పటి తీసేసరికి నీళ్లు తేటబడి ఉన్నాయి. కడిగితే వచ్చే తేట కాదది. ఎండ తగిలిన తేనెలా కొంచెం రంగున్న తేట. టోపీ నిటారుగా నిలబడి ఉంది. అద్దం దగ్గరికి వచ్చి, తెల్లమచ్చ తల ఆనించి, నోరు తెరిచి మూసింది. ఆకలేస్తోందంటోంది. తళతళమ్మ చిటికెడులో సగం మేత వేసింది. టోపీ గుటుక్కున మింగి, చాలలేదన్నట్టు తోక విసిరింది. బొగ్గు వెనకే వచ్చింది.

"ఏవండీ! అక్కని పిలవండి!" అని తళతళమ్మ వేసిన కేకకి భర్త బూట్లతోనే ముందుగది అడ్డంగా దాటి పరుగెత్తాడు. ఆమె చూడలేదు. చూసినా ఏమీ అనేది కాదేమో. ఆ తెల్ల దుప్పటి మడతపెట్టి హోటలు దుప్పట్లలో కలిపేసింది. మళ్లీ తొట్టి మీద కప్పలేదు.

ఆ తర్వాత తళతళమ్మ తొట్టి చూసుకోవడంలో ఎంతదాకా వచ్చిందంటే, ముందు అద్దం మాత్రం మనుషులు చూడటానికి గుడ్డతో తుడిచేది, వెనక అద్దం నాచుని చేపలు కొరుక్కోవడానికి వదిలేసేది. చేప ఈదే తీరు చూసి దాని ఒంట్లో నలతని పట్టేసేది, మనిషి చొక్కా చూసి మరక వయసు చెప్పినట్టు. బట్టలివ్వడానికొచ్చినవాళ్లు, ఇంట్లో తొట్టి నీళ్లు మసకబారాయంటే, ముందు ఆమె వాళ్ల చేతులు పట్టుకుని "కడక్కండి" అనేది. ఆ నోట ఆ మాట విన్నవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు.

శిక్షణ ముగిసి కూతురు వచ్చిన రోజు కొట్టంతా జనమే. యూనిఫారంలో, భుజాలు విశాలంగా, ఎండకి కమిలి, పిల్ల గుమ్మంలో నిలబడితే తళతళమ్మకి రెండు కళ్లూ చాలలేదు. ఆ ఇస్త్రీ తనది కాదని, మడత కొంచెం పక్కకి పోయిందని కూడా గమనించింది, గమనించినా దాని మీద ప్రేమే కలిగింది. కూతురు తల్లిని గట్టిగా కావలించుకుని, వదిలి, తిన్నగా తొట్టి దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. టోపీ అద్దం దగ్గరికి వచ్చింది. పోయిన చిన్న జంట తిరిగిన మూల వంక కూతురు కాసేపు చూసింది. తళతళమ్మ ఆ చూపు చూసింది, తప్పించుకోలేదు, పక్కనే కూర్చుంది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

అప్పుడే బాకా ఊదే ఆయన తెల్లకోటు పట్టుకుని వచ్చాడు. తోడికోడలు అతని వెనకే గుమ్మంలోకి వచ్చింది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఆయన తొట్టిలోకి వంగి చూశాడు. నాచు చూశాడు, నల్లటి స్పాంజి చూశాడు. కళ్లు పెద్దవి చేసి నలుగురూ వినేలా అన్నాడు:

"ఇదేంటమ్మా! తళతళమ్మగారి కొట్లో ఇంత మురికా?"

తోడికోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. తళతళమ్మ లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి, వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది:

"నోరు జాగ్రత్త! అది మురికి కాదు. మా అక్క ఇచ్చింది."